పల్లె కూలీకి ఓటు ఎలా వచ్చింది?

ఇంగ్లండులో 1867లో ఒక చట్టం వచ్చింది. పట్నంలో కాపురం ఉండి పన్ను కట్టే మగవాళ్లకు ఓటు ఇచ్చింది. అద్దె ఇల్లయినా సరే. కానీ పల్లెలో పొలం పని చేసే కూలీకి మాత్రం ఓటు ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదు? పల్లెల్లో భూములు పెద్ద భూస్వాములవి. చాలా చోట్ల కూలీ ఉండే ఇల్లు కూడా ఆసామిదే. ఎదురు మాట్లాడితే పనీ పోయేది, ఇల్లూ పోయేది. చట్టాలు చేసే పార్లమెంటులోనూ భూస్వాములదే పెత్తనం.

జోసెఫ్ ఆర్చ్ అలాంటి కూలీయే. 1826లో బార్‌ఫర్డ్ అనే పల్లెలో పుట్టాడు. తొమ్మిదేళ్లకే చేలల్లో పిట్టలు తోలే పనికి పోయాడు. పెద్దయ్యాక చర్చిల్లో ప్రసంగాలు చేశాడు. మంచి మాటకారి.

1872 ఫిబ్రవరి 7న పక్క ఊరి కూలీలు ఆయన్ని పిలిచారు. చీకటి పడ్డాక ఒక పెద్ద చెట్టు కింద వందల మంది చేరారు. సంఘం కడదామన్నాడు ఆర్చ్. ఆ ఏడే వ్యవసాయ కూలీల జాతీయ సంఘం పుట్టింది. కొన్నిచోట్ల కూలి రేట్లు పెరిగాయి.

ఆసాములు ఊరుకోలేదు. 1874లో తూర్పు జిల్లాల్లో సంఘపోళ్లకు పని లేదన్నారు. నెలల తరబడి పనులు ఆగిపోయాయి. సంఘం డబ్బు కరిగిపోయింది. కూలీలు ఓడిపోయారు. సంఘం ఒక్కటే చాలదు, ఓటూ కావాలని వాళ్లకు తెలిసొచ్చింది.

అప్పటికే 1872లో రహస్య ఓటు చట్టం వచ్చింది. అంతకుముందు ఎవరికి ఓటు వేసేదీ అందరి ముందూ చెప్పాల్సి వచ్చేది. ఇక ఓటు చేతికొస్తే ఆసామికి భయపడక్కర లేదు.

1884లో ప్రధాని గ్లాడ్‌స్టన్ పల్లె కూలీలకు ఓటిచ్చే బిల్లు తెచ్చాడు. ప్రభువుల సభ అడ్డుపడింది. ఊరూరా జనం సభలు పెట్టారు, ఊరేగింపులు తీశారు. చివరికి రెండు పార్టీలూ రాజీకొచ్చాయి. డిసెంబరులో చట్టం అయింది. 1885 ఎన్నికల్లో జోసెఫ్ ఆర్చ్ గెలిచాడు. పిట్టలు తోలిన మనిషి పార్లమెంటులో కూర్చున్నాడు!

అయినా అందరికీ ఓటు రాలేదు. నూరుమంది మగవాళ్లలో సుమారు 40 మందికి ఇంకా లేదు. ఆడవాళ్లకు అసలే లేదు. 1873లో ఆస్కాట్ అనే పల్లెలో సంఘం పక్షాన నిలిచి 16 మంది ఆడవాళ్లు జైలుకు పోయారు. ఇద్దరి చేతుల్లో పసిపిల్లలు కూడా ఉన్నారు. అలాంటి ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు రావడానికి 1928 దాకా పట్టింది.