పాత అంబాసిడర్‌కు ఐదో గేరు ఎందుకు?

సాయంత్రం మైండ్‌స్పేస్ కూడలి ట్రాఫిక్‌లో పాత అంబాసిడర్ నడపడమంటే ఎడమకాలికి పరీక్షే. గేర్లు నాలుగే, గేరు రాడ్డు స్టీరింగ్ దగ్గర. పైగా మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. కలవబోయే రెండు భాగాల వేగాన్ని ముందే సమం చేసే ఏర్పాటు అది. అది లేకపోతే, బండి కదులుతుండగా గేరు వేసినప్పుడు పళ్లు కరకరమంటాయి.

గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే మరో తంటా. నాలుగో గేరులో ఇంజన్ ఒక చుట్టు తిరిగితే గేరుబాక్సు వెనక షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది, కాబట్టి వేగం పెరిగేకొద్దీ ఇంజన్ మోతా పెరుగుతుంది. ఐదు గేర్ల కొత్త బాక్సు పెట్టామనీ, అందులో ఐదో గేరు నిష్పత్తి 0.8 అనీ అనుకోండి. అదే వేగానికి ఇంజన్ నిమిషానికి 3,000 చుట్ల బదులు 2,400 తిరిగితే చాలు. మోత తగ్గుతుంది, పెట్రోలూ మిగులుతుంది. ఎత్తు ఎక్కాలంటే మాత్రం మళ్లీ నాలుగుకు దిగాల్సిందే!

ఈ బండిని తయారుచేసిన హిందుస్తాన్ మోటార్సే 1990ల మొదట్లో అంబాసిడర్‌కు ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల బాక్సు పెట్టింది. రాడ్డు నేలమీదికి వచ్చింది.

మరి పాత ఇంజన్‌ను ఉంచి బాక్సు ఒక్కటే మార్చాలంటే? అసలు కష్టం ఇక్కడే. రెంటి బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. అది కాస్త పక్కకు జరిగినా బేరింగులు త్వరగా అరిగిపోతాయి. క్లచ్ ప్లేటు నడిమి గాళ్లు కొత్త షాఫ్టు గాళ్లతో కలవాలి. బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టునూ కొలతకు తెచ్చి బ్యాలెన్స్ చేయించాలి, లేదంటే వేగంలో బండంతా వణుకుతుంది. రాడ్డు కోసం నేల రేకు కోయాలి. స్పీడోమీటరునూ సరిచూడాలి, లేకపోతే అది తప్పుడు వేగం చూపిస్తుంది. ఇక రేకు కోయకముందే ఆర్టీఏ ఆఫీసులో అనుమతి సంగతి కనుక్కోవాలి.