నవల తెరకెక్కినప్పుడు

“మాష్టారూ, ‘దేవదాసు’ నవల నేను చదవనక్కరలేదండీ. సినిమా చూసినాను” అన్నాడు ఒక విద్యార్థి. గ్రంథాలయపు బీరువానుండి నేను తీసి యిచ్చిన పుస్తకాన్ని ఎంతో మర్యాదగా నా బల్లమీదనే తిరిగి పెట్టినాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వినాను. కాని ఇంటికి పోయిన తరువాత ఆ మాట నన్ను వదలలేదు. ఆ పిల్లవాడు చూసినది శరచ్చంద్రుని దేవదాసునేనా? కాకపోతే ఎవరి దేవదాసును? నవలను చిత్రంగా తీసినప్పుడు మనకు దక్కేదేమిటి, దక్కనిదేమిటి?

ఈ విషయంలో లోకంలో రెండు అభిప్రాయాలు వ్యాప్తిలో ఉన్నవి. నవలను ఉన్నదున్నట్లు తీస్తేనే మంచి చిత్రమవుతుందని పుస్తకప్రియులు అంటారు. సినిమా వేరు, నవల వేరు, రెంటినీ పోల్చనే కూడదని చిత్రరంగంవారు అంటారు. మొదటి మాట నిజమైతే నవలలోని ప్రతి ప్రకరణాన్నీ చిత్రించినవాడే ఉత్తమ దర్శకుడు కావలెను. రెండవ మాట నిజమైతే నవలాకారుని పేరు తెరమీద వేయనక్కరలేదు. సత్యం ఈ రెంటి నడుమ ఎక్కడో ఉన్నది. దానిని సిద్ధాంతాలలోకంటె ఉదాహరణలలో వెదకడం మేలు.

ముందుగా ఒక్క సంగతి గుర్తించవలెను. నవలాకారుని ముడిసరుకు మాట. మాటకు మనిషి మనస్సులోనికి నేరుగా ప్రవేశించే శక్తి ఉన్నది. “అతడు పైకి నవ్వినాడే కాని లోపల కుమిలిపోతున్నాడు” అని రచయిత ఒక్క వాక్యంలో చెప్పగలడు. కెమెరాకు కనిపించేది నవ్వు మాత్రమే. కుములుటను నటుని కన్నులో, వెలుగునీడలో, సంగీతమో చెప్పవలెను. అదీగాక నవల చదివేవాడు తనకు తోచినప్పుడు ఆగుతాడు, వెనుకకు పుటలు త్రిప్పుతాడు, పుస్తకం మూసి కొంతసేపు ఆలోచిస్తాడు. చిత్రం ఎవరికోసమూ ఆగదు. రెండు మూడు గంటలలో అది తన కథను ముగించవలెను. కనుక నవల తెరకెక్కేటప్పుడు కొంత నష్టం తప్పదు. నష్టానికి బదులుగా దర్శకుడు ఏమిచ్చినాడన్నదే ప్రశ్న.

‘దేవదాసు’నే తీసుకొందాము. శరత్‌బాబు తన తొలియౌవనంలో వ్రాసి, చాలాకాలం అచ్చుకీయక ఉంచిన చిన్న నవల ఇది. 1917లో పుస్తకరూపంలో వెలువడినది. 1928లో మూగచిత్రంగా వచ్చినది. 1935లో ప్రమథేశ్ బారువా కలకత్తా న్యూ థియేటర్స్‌వారికి దీనిని వంగభాషలో తీసినాడు. ఆ వెనుకనే సైగల్ నటించిన హిందీచిత్రమూ వచ్చినది. బారువా చిత్రానికి ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్ ఇరవై ఏండ్ల తరువాత, 1955లో, దిలీప్ కుమార్‌తో తానే మళ్ళీ తీసినాడు. ఈ రెంటి నడుమ 1953లో మన తెలుగు ‘దేవదాసు’ వెలసినది. వినోదా సంస్థ నిర్మించినది. వేదాంతం రాఘవయ్యగారు దర్శకులు. అక్కినేని నాగేశ్వరరావుగారు దేవదాసు, సావిత్రిగారు పార్వతి. అదే యేట తమిళంలోనూ వెలువడినది.

ఇన్నిమార్లు ఇన్ని భాషలలో ఈ కథ తెరకు ఎందుకు లొంగినది? మొదటి కారణం దాని పరిమాణం. అది చిన్న నవల గనుక సన్నివేశాలను తెగనరకవలసిన పని అంతగా లేదు. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. అందలి మనోభావాలు చాలవరకు చేష్టలుగానే వ్యక్తమవుతవి. అర్ధరాత్రి పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి రావడం, తరువాత చెరువుగట్టున అతడు ఆమె నొసట గాయం చేయడం, చివరకు ఆమె మెట్టినింటి వాకిట అతడు వచ్చి పడిపోవడం — ఇవన్నీ కంటికి కనిపించే ఘట్టాలు. రచయిత వ్యాఖ్యానం లేకపోయినా అవి మాట్లాడుతవి.

అయినా ఒకటి మిగిలిపోయినది. నవల కడపట శరత్‌బాబు కథను ఆపి, పాఠకునివైపు తిరిగి, ఇటువంటి అభాగ్యుని తలచుకొన్నప్పుడు జాలిపడుమని, ఇటువంటి చావు మరెవ్వరికీ రాకూడదని కోరుకొనుమని వేడుకొంటాడు. దేవదాసును ఆయన మెచ్చుకోలేదు, క్షమించుమన్నాడు. ఈ తేడా చాలా పెద్దది. తెరమీద ఆ గొంతు లేదు. ఆ స్థానాన్ని తెలుగు చిత్రంలో పాటలు ఆక్రమించినవి. సముద్రాల రాఘవాచార్యులవారి రచన, సి.ఆర్. సుబ్బరామన్‌గారి బాణీలు, ఘంటసాలవారి కంఠం — ఈ మూడూ కలిసి నవలలో లేని వేదాంతాన్ని, నవలలో రచయిత చెప్పుకొన్న వేదనను ప్రేక్షకుని చెవిలో పోసినవి. చిత్రం విడుదల కాకమునుపే, 1952లో, సుబ్బరామన్‌గారు గతించినారు. ఆ పాటలు మాత్రం నేటికీ నిలిచి ఉన్నవి. మన చిత్రాలలో పాట అనవసరమైన అలంకారమని ఆక్షేపించేవారు ఈ సంగతిని ఆలోచించవలెను. నవలలోని అంతర్వాణికి మనవారు కనుగొన్న ప్రత్యామ్నాయం పాట.

కాని లాభంతోపాటు నష్టమూ వచ్చినది. పాట బాధను మధురం చేస్తుంది. నవల చదివినవానికి దేవదాసుమీద జాలితోపాటు కోపమూ వస్తుంది. సినిమా చూసినవానికి తరచు జాలియే మిగులుతుంది. అందుకే మన దేశంలో దేవదాసు ఒక హెచ్చరికగా కాక ఒక ఆదర్శంగా మారినాడు. ప్రేమలో విఫలుడైన ప్రతి యువకునికీ గడ్డము, శాలువా, సీసా సంక్రమించినవి. నా బల్లమీద పుస్తకం పెట్టి వెళ్ళిన విద్యార్థికి దక్కనిది ఇదే.

ఇక నవలను మార్చి, ఆ మార్పుచేతనే నవల ఆత్మను నిలిపిన ఉదాహరణ మరొకటి ఉన్నది. విభూతిభూషణ్ బందోపాధ్యాయుని ‘పథేర్ పాంచాలి’ 1929లో పుస్తకమైనది. సత్యజిత్ రాయ్ దానిని 1955లో చిత్రంగా తీసినాడు. నవల చాలా విశాలమైనది. కుటుంబం గ్రామం వదలి కాశీకి చేరిన తరువాతకూడ కథ సాగుతుంది. రాయ్ గ్రామం విడిచే ఎద్దుబండితో తన చిత్రాన్ని ఆపినాడు. మిగిలిన కథను మరుసటి సంవత్సరం ‘అపరాజితో’కు వాడుకొన్నాడు. నవలలో ముసలి ఇందిర ఆదిలోనే మరణిస్తుంది. చిత్రంలో ఆమె చాలాదూరం బ్రతికి ఉంటుంది. ఎందుచేతనంటే ఆ బోసినోరు, ఆ వంగిన నడుము పిల్లల ప్రపంచానికి అవసరమని దర్శకునికి తోచినది. నవలలో అపు, దుర్గ రైలును చూడాలని పరుగెత్తి, చూడకనే తిరిగి వస్తారు. చిత్రంలో రెల్లుపూల నడుమ రైలు నల్లని పొగతో దూసుకొనిపోతుంది. కథాంశం మారినది. కాని పల్లెపిల్లల గుండెలో దూరప్రపంచంమీద పుట్టే ఆశ మారలేదు.

ఆ చిత్రం చివర దుర్గ దొంగిలించిన హారం, ఆమె పోయిన తరువాత, అపు కంటబడుతుంది. వాడు దానిని చెరువులోకి విసరివేస్తాడు. నీటిమీది నాచు ఒక్క క్షణం విడిపోయి మళ్ళీ కమ్ముకొంటుంది. అక్క తప్పు ఇక ఎవరికీ తెలియదు. ఒక్క మాటకూడ లేదు. నవలాకారుడు ఒక పుట వ్రాయవలసినదానిని నాచు చెప్పినది. ఇటువంటిచోట సినిమా నవలకు ఋణపడి ఉండదు, ఋణం తీర్చుకొంటుంది.

మార్పు అన్నివేళలా ఇంత శుభంగా ఉండదు. ఆర్.కె. నారాయణ్‌గారి ‘ది గైడ్’ 1958లో వెలువడి, 1960లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినది. కపటసన్న్యాసియైన రాజు, కరవు తీరడానికి ఊరివారు తనచేత చేయించిన ఉపవాసంలో క్షీణించి, నీటిలో నిలబడి, కొండలలో వాన పడుతున్నదని అంటూ ఒరిగిపోతాడు. వాన పడినదా? అతడు మరణించినాడా? రచయిత చెప్పడు. ఆ మౌనమే నవలకు ప్రాణం. విజయ్ ఆనంద్ 1965లో తీసిన హిందీచిత్రంలో వాన కుండపోతగా కురుస్తుంది, రాజు పుణ్యపురుషుడై మరణిస్తాడు. మాల్గుడివంటి చిన్న దక్షిణాది ఊరు పోయి రాజస్థానపు సౌధాలు వచ్చినవి. చిత్రం గొప్పగా ఆడినది, సచిన్‌దేవ్ బర్మన్ సంగీతం చిరస్మరణీయమైనది. నారాయణ్‌గారు మాత్రం తన కథ దారితప్పినదని వ్యంగ్యంగా ఒక వ్యాసమే వ్రాసినారు. ప్రేక్షకునికి సందేహం మిగల్చడానికి చిత్రనిర్మాత భయపడతాడు. టిక్కెట్టు కొన్నవాడు వాన చూడకుండా ఇంటికి పోడని ఆయన లెక్క.

పరదేశపు నవలను మన నేలలో నాటిన ఉదాహరణ బి.ఎన్. రెడ్డిగారి ‘బంగారుపాప’. 1955లో విడుదలైన ఈ చిత్రానికి మూలం జార్జి ఎలియట్ 1861లో ప్రకటించిన ‘సైలస్ మార్నర్’. రచన పాలగుమ్మి పద్మరాజుగారిది. ఆంగ్లనవలలో పిసినారి నేతగాని బంగారం దొంగలపాలవుతుంది. ఒకనాటి రాత్రి పొయ్యిముందర పసుపువన్నె జుట్టున్న పసిపాపను చూసి, పోయిన బంగారమే తిరిగి వచ్చినదని అతడు భ్రమిస్తాడు. తెలుగుబిడ్డకు పసుపు జుట్టు ఎక్కడిది? కాని మన తల్లులు బిడ్డను ‘బంగారుతల్లీ’ అని పిలుస్తారు. ఆంగ్లంలో కంటికి కనిపించిన బంగారం తెలుగులో మాటలోనే ఉన్నది. రంగారావుగారి కోటయ్య కరకుదనం ఆ పసిదానిముందు కరగుతూ ఉంటే, ఇది ఆంగ్లకథ అన్న స్పృహ ఎవరికి ఉంటుంది?

మన నవలల విషయానికి వస్తే, తెరకు తేలికగా ఎక్కినవి పత్రికలలో ధారావాహికలుగా వచ్చిన జనప్రియ నవలలు. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయినది. ఆమె ‘ప్రేమనగర్’ 1971లో చిత్రమైనది. యద్దనపూడి సులోచనారాణిగారి ‘జీవనతరంగాలు’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో వచ్చినవి. దీనికి కారణం స్పష్టమే. వారం వారం పాఠకుని నిలిపి ఉంచవలసిన రచయిత్రి ప్రతి భాగం చివరా ఒక ముడి వేస్తుంది. ఆ ముడులు చిత్రానికి కావలసినవే. పాత్రలు సంభాషణలలో బయటపడతవి. చదివిన ఇల్లాండ్రే ప్రేక్షకులవుతారు.

కాని డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ సంగతి వేరు. ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికంగా వచ్చిన ఈ నవలలో ఇందిర అనే యువతి ఉన్నది. తండ్రిని పోషిస్తూ, ఎవరి జాలినీ కోరక, తన సుఖంకోసం తానే దారి వెదకుకొనే మనిషి ఆమె. మంచిదనీ చెడ్డదనీ తేల్చలేము. ఆ తేల్చలేకపోవడమే నవల గొప్పతనం. దీని ఆధారంగా ఆదుర్తి సుబ్బారావుగారు 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ తీసినారు. హాస్యంతో, మంచి పాటలతో ఆహ్లాదకరమైన చిత్రమే. అందులో నవలలోని ఇందిరను వెదకినవారికి మాత్రం నిరాశ తప్పదు. శ్రీదేవిగారు 1961లోనే కన్నుమూసినారు. చిత్రాన్ని చూడలేదు, అభ్యంతరం చెప్పనూ లేదు. నవల అచ్చులో లేకపోయి, సినిమా ఒక్కటే మిగిలిఉంటే? తెలుగు సాహిత్యంలోని ఒక సజీవ స్త్రీమూర్తి మనకు తెలియకుండానే పోయేది.

గోపీచంద్‌గారి ఉదాహరణ మరీ ఆలోచింపజేస్తుంది. ఆయన నవలాకారుడే కాదు, ‘లక్ష్మమ్మ’, ‘పేరంటాలు’, ‘ప్రియురాలు’ చిత్రాలకు దర్శకుడు కూడ. అయినా తన ‘అసమర్థుని జీవయాత్ర’ను తాను తెరకెక్కించలేదు. సీతారామారావు పతనం అతని ఆలోచనలలో జరుగుతుంది. తనను తాను సమర్థించుకొంటూ, తననే ద్వేషించుకొంటూ అతడు మనస్సులో నడిపే వాదం తీసివేస్తే కథలో మిగిలేది ఆస్తి పోగొట్టుకొన్న ఒక గృహస్థు. రెండు కళలూ ఎరిగినవాడు ఆ నవలను పుస్తకంలోనే ఉంచినాడు.

కనుక నవలలు మంచి చిత్రాలవుతాయా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. చేష్టలలో బ్రతికే నవల తెరమీదనూ బ్రతుకుతుంది. ఆలోచనలలో బ్రతికే నవలకు రాయ్‌వంటి దర్శకుడు దొరకవలెను. దొరకనప్పుడు నవల పేరు మాత్రమే తెరకు చేరుతుంది.

ఆ విద్యార్థిని మరునాడు మళ్ళీ పిలిచినాను. “పుస్తకమంతా వద్దు నాయనా, చివరి రెండు పుటలు చదివి, నీవు చూసిన సినిమాలో అవి ఎక్కడ ఉన్నవో చెప్పు” అన్నాను. వారంరోజుల తరువాత వచ్చినాడు. “లేవండీ” అన్నాడు. కాస్త ఆగి, “మొదటినుంచీ చదివినాను” అన్నాడు. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. సినిమా చూసినామన్న పిల్లలను మందలించవద్దు. సినిమాలో లేనిదేదో వెదకి తెమ్మని పుస్తకం చేతికివ్వండి.