పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఒక లెక్క!

ఢిల్లీలో రాత్రి 8 గంటలకు విమానం ఎక్కారనుకోండి. మర్నాడు ఉదయం 7 గంటలకు టోక్యోలో దిగుతారు. తిరుగు ప్రయాణంలో టోక్యోలో పగలు పదకొండున్నరకు బయలుదేరితే సాయంత్రం అయిదున్నరకు ఢిల్లీలో ఉంటారు. పోవడానికి 11 గంటలు, రావడానికి ఆరే గంటలు! "అయితే రావడమే సులువన్నమాట" అంటారేమో. తొందరపడకండి. జపాన్ గడియారం మన గడియారం కన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. ఆ తేడా సరిచేసి చూడండి. పోవడానికి పట్టింది ఏడున్నర గంటలు, రావడానికి తొమ్మిదిన్నర!

దూరం అదే, విమానం అదే. మరి ఈ రెండు గంటల తేడా ఎందుకు వచ్చింది?

"భూమి తిరుగుతోంది గదా, అందుకే" అని కొందరంటారు. భూమి తిరిగేది పడమర నుంచి తూర్పుకు. వాళ్ళు చెప్పినట్లయితే టోక్యో మనకు అందకుండా ముందుకు జరిగిపోతూ ఉండాలి, పోయేటప్పుడే ఆలస్యం కావాలి! భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది కాబట్టి అలా జరగదు.

అసలు కారణం ఆ గాలిలోనే ఉంది. నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు పోయేచోట, పడమర నుంచి తూర్పుకు గాలి ఒక నదిలా పారుతుంది. దీని పేరు జెట్ ప్రవాహం. దక్షిణాన వెచ్చని గాలి, ఉత్తరాన సైబీరియా చలిగాలి. ఈ రెండింటి మధ్య తేడా పెరిగినకొద్దీ ప్రవాహం జోరెక్కుతుంది. (ఉత్తరానికి పోయే గాలిని తూర్పుకు మళ్ళించేది మాత్రం భూభ్రమణమే.) చలికాలంలో జపాన్ మీద దీని వేగం ఒక్కొక్కప్పుడు గంటకు 300 కి.మీ. దాటుతుంది.

దీన్ని మొదట కొలిచినవాడు జపాన్ శాస్త్రజ్ఞుడు ఒయిషి వాసబురో. 1920లలో ఆయన బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో గమనించి లెక్కలు కట్టాడు. దేశదేశాలవారు చదువుతారని ఫలితాలను 1926లో ఎస్పెరాంటో అనే కల్పిత భాషలో ప్రచురించాడు. పాపం, ఆ భాష తెలిసినవారెందరు? 1944లో టోక్యో మీద బాంబులు వేయడానికి వచ్చిన అమెరికా బి-29 విమానాలు ఈ గాలుల్లో పడి గురి తప్పాయి. ఇంత గాలి ఉంటుందని ఆ వైమానికులు ఊహించనే లేదు.

ఒక చిన్న లెక్క చేద్దామా? దూరం 6,000 కి.మీ., విమానవేగం గంటకు 900, గాలివేగం 100 అనుకోండి. పోయేటప్పుడు వేగం 1,000 అవుతుంది, 6 గంటలు చాలు. వచ్చేటప్పుడు 800, ఏడున్నర గంటలు. రెండూ కలిపితే 13 గంటల 30 నిమిషాలు. గాలే లేకపోతే? 13 గంటల 20 నిమిషాలు! పోయేటప్పుడు మిగిలింది వచ్చేటప్పుడు పూర్తిగా పోవడమే కాక, పైన మరో 10 నిమిషాలు నష్టం. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం గదా మరి!

ఇక దూరం సంగతి. గ్లోబు మీద ఢిల్లీ నుంచి టోక్యోకు దారం బిగించి పట్టండి. అది హిమాలయాలు, టిబెట్, చైనా, కొరియాల మీదుగా పోతుంది. ఇదే అతి దగ్గర దారి, సుమారు 5,840 కి.మీ. అయినా చాలా విమానాలు టిబెట్‌ను తప్పించి, దక్షిణంగా మయన్మార్ వైపు నుంచి చుట్టి పోతాయి. విమానం లోపల గాలి పీడనం హఠాత్తుగా తగ్గితే, ప్రయాణికులకు ఊపిరాడాలంటే వెంటనే 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది, ఇక దిగేదెక్కడికి?