కొండనాలుక చెప్పే కబురు

శస్త్రచికిత్స అనగానే మనవారు కత్తికి భయపడతారు. కాని మత్తుమందు వైద్యుడు ముందుగా ఆలోచించునది రోగి శ్వాసను గురించియే. 1889లో ఆరవ నిజాము ధనసహాయంతో హైదరాబాదులో జరిగిన రెండవ క్లోరోఫాం విచారణ సంఘం, శ్వాసను కనిపెట్టి యుండవలెనని నొక్కి చెప్పింది. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదన్న దాని అభిప్రాయం తరువాత తప్పని తేలినను, శ్వాసను గూర్చిన హెచ్చరిక నేటికిని నిలిచియున్నది.

పూర్తి మత్తులో నాలుక వెనుకకు జారి గొంతును మూసివేయవచ్చును. కండరాలను సడలించు మందు ఇచ్చినచో శ్వాసయే ఆగిపోవును. అందుచేత స్వరపేటిక గుండా శ్వాసనాళంలోనికి గొట్టమును అమర్చి ప్రాణవాయువును అందిస్తారు. ఆ గొట్టం పోక, మరే విధంగానూ ప్రాణవాయువు అందకపోతే, కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతింటుంది.

ఈ చిక్కును ముందుగా పసిగట్టుట ఎట్లు? సులభమైన మార్గం చూపినవాడు ఒక తెలుగు వైద్యుడగుట మనకు గర్వకారణం. అమెరికాలోని బోస్టన్ నగరంలో పనిచేసిన డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు, తన సహచరులతో కలిసి 210 మంది రోగులను పరిశీలించి, 1985లో ఫలితాలను ప్రకటించారు. రోగి కూర్చుండి, నోరు బాగా తెరచి, నాలుక చాపవలెను. మెత్తని అంగిలి, కొండనాలుక, ఇరుప్రక్కల మడతలు అన్నియు కనబడితే మొదటి తరగతి. నాలుక మొదలు కొండనాలుకను కప్పివేస్తే రెండవది. మెత్తని అంగిలి మాత్రమే కనబడితే మూడవది. 1987లో శాంసూన్, యంగ్ అను వైద్యులు, అదియు కానరాని నాల్గవ తరగతిని చేర్చారు. తరగతి పెరిగినకొలది కష్టం కలుగు అవకాశం పెరుగును.

అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. మెడ ఎంత వంగునో, నోరు ఎంత తెరచుకొనునో కూడ చూడవలెను. మత్తుకు ముందు ప్రాణవాయువును పీల్పించి ఊపిరితిత్తులను నింపుతారు. గొట్టం పోనిచో పదేపదే ప్రయత్నించి గొంతు వాచునట్లు చేయరాదు. మాస్కుతో శ్వాసనందించి, వీలైతే రోగిని మేల్కొలుపవలెను. ఏ దారియు లేనప్పుడు మాత్రమే మెడ ముందుభాగమున గంటుపెట్టి శ్వాసనాళాన్ని చేరుకొంటారు.

గూడూరు ప్రాంతం నుండి నెల్లూరుకో, తిరుపతికో శస్త్రచికిత్సకై వెళ్ళు పెద్దలకు తోడుగా పోవునది తరచు విద్యార్థులే. కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు, గట్టి గురక, మెడ పట్టివేత, మునుపు మత్తులో కలిగిన ఇబ్బంది, వీటిని దాచక చెప్పించండి. గొట్టం వేయుట కష్టమైనదని వైద్యుడు తెలిపితే, ఆ మాట కాగితంపై వ్రాయించి భద్రపరచండి. మరొకనాడు మరొక ఆసుపత్రిలో ఆ కాగితమే ప్రాణం నిలుపవచ్చును.