ఓడ దిగాక షుగరు లెక్క

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవుకు ఏడు రాత్రులు కరీబియన్ సముద్రంలో తిరిగిన ఓడ తెల్లవారుజామునే చేరుకుంటుంది. పొద్దెక్కేలోగా వేలమంది పెట్టెలు దొర్లించుకుంటూ దిగుతారు, మధ్యాహ్నానికి మళ్లీ వేలమంది ఎక్కుతారు. 2022 నవంబరులో ఇక్కడ కొత్త టెర్మినల్ తెరిచి అల్యూర్ ఆఫ్ ద సీస్ లాంటి భారీ ఓడను నడపడం మొదలుపెట్టాక హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్‌లలోని తెలుగు కుటుంబాలకు క్రూజు మరింత చేరువైంది. విమానం టికెట్లతో పని లేదు, కారు తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆర్నెల్లకని పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకూ అత్తమామలకూ చూపించాల్సిన వాటిలో నయాగరాతో పాటు ఇప్పుడు ఓడ ఆగే కోజుమెల్, రోటాన్ దీవులు కూడా చేరాయి.

ఆ పెద్దవాళ్ల చేతిసంచిలో ఆర్నెల్లకు సరిపడా మాత్రలుంటాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఓ బీపీ మాత్ర. ఐసీఎంఆర్ దేశమంతటా చేయించిన ఇండియాబ్ సర్వే లెక్కలు 2023లో బయటికి వచ్చాయి. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్లు, రేపోమాపో వచ్చే దశలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. కాబట్టి ఓడ ఎక్కే తెలుగు కుటుంబంలో ఒక్కరికైనా షుగరు ఉండడం మామూలు సంగతే.

ఓడలో తిండికి వేళాపాళా లేదు. పొద్దున పాన్‌కేకులు, మధ్యాహ్నం బఫేలో అన్నం, నాన్, పాస్తా పక్కపక్కనే, రాత్రి నాలుగు రకాల మిఠాయిలు, అర్ధరాత్రి దాటినా పిజ్జా. అన్నీ టికెట్ డబ్బుల్లోనే వచ్చినప్పుడు వద్దనడానికి మనసొప్పదు. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే 39 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే దాదాపు పది చెంచాలు. ఒక మేలూ ఉంది. అంత పెద్ద ఓడలో గది నుంచి భోజనానికి, భోజనం నుంచి డెక్ మీదికి తెలియకుండానే బాగా నడుస్తారు. అయినా తిండి ముందు ఆ నడక చాలదు. ఇంటికొచ్చిన మర్నాడు గ్లూకోమీటర్‌లో పరగడుపున 190 కనిపిస్తే గుండె జారిపోతుంది.

ఇక్కడ కాస్త లెక్క వేసి చూడాలి. డాక్టర్లు అడిగే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అన్నాళ్లూ అది తిరిగిన రక్తంలో ఎంత చక్కెర ఉందో అందులో నమోదవుతుంది. ఒకాయనకు మామూలు రోజుల్లో సగటు 150 ఉంటుందనుకుందాం. అంటే ఏ1సీ దాదాపు 6.9. ఓడలో ఏడు రోజులు సగటు 220కి పోయింది. తొంభై రోజుల మీద పంచితే సగటు 155 చిల్లర, ఏ1సీ 7.0. దగ్గరి రోజుల ప్రభావం పరీక్షలో కొంచెం ఎక్కువ కనుక మరి కాస్త పెరగొచ్చు, అంతే. అదే ఆ తిండి ఇంటికొచ్చాక కూడా సాగి, తొంభైలో అరవై రోజులు 220 దగ్గరే ఉంటే సగటు 197 అవుతుంది, ఏ1సీ ఎనిమిదిన్నర.

ఆ వారం చేసిన చెడు కొంచెమే. దాని వెనకాలే వచ్చే రెండు నెలలు ఎలా గడుస్తాయన్నదే అసలు లెక్క తేల్చుతుంది. సెలవు వారాన్ని తలచుకుని కుమిలిపోవాల్సిన పని లేదు. తీపి అలవాటు పడ్డ నాలుకను, రాత్రి పదింటికి తినడం మరిగిన కడుపును ఎంత త్వరగా దారిలో పెట్టుకుంటారో చూసుకోవాలి.

దారిలో పెట్టుకోవడమంటే పస్తులుండడం కాదు. ఓడ దిగినవాళ్లలో చాలామంది చేసే పని అదే. రేపటి నుంచి ఒంటిపూట భోజనం అంటారు, మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ పస్తు వల్ల పెద్ద ముప్పు రాదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు తిండి మానేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడడం. 70 కంటే కిందికి వచ్చిందంటే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి గానీ, అరకప్పు పళ్లరసం గానీ తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సును పిలవాలి. పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే అమెరికా ఇళ్లలో ఇది కోడలికీ కొడుక్కీ మాత్రమే కాదు, మనవడికీ నేర్పాల్సిన సంగతి.

అమెరికాలో డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఖర్చు, అందులో ఇన్సూరెన్స్ తంటాలు. అక్కడ ఈమధ్య వచ్చిన ఒక సదుపాయం ఇలాంటి ఇళ్లకు పనికొస్తుంది. ఇన్సులిన్ వాడని పెద్దవాళ్ల కోసం, చీటీ లేకుండా కొనుక్కునే షుగరు సెన్సరుకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో అనుమతిచ్చింది. చేతికి అంటించుకుంటే పదిహేను రోజుల వరకు ఫోనులో గీత కనిపిస్తూ ఉంటుంది. ఇడ్లీ తిన్నాక గీత ఎంత లేచింది, పప్పూకూర ముందు తిని తర్వాత అన్నం తింటే ఎంత లేచింది అన్నది కళ్లెదుటే తెలుస్తుంది. ఒకరు చెప్పిన పథ్యం వినని పెద్దాయన కూడా తన చేతి గీతను నమ్ముతాడు.

తిండి వరుసకు అంత బలం ఉందా? ఉంది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్లు మెట్‌ఫార్మిన్ వాడుతున్న పదకొండు మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టారు. ఒకరోజు బ్రెడ్డు, నారింజరసం ముందు. ఇంకోరోజు కూరగాయలు, కోడిమాంసం ముందు, పావుగంట ఆగి బ్రెడ్డు. కూరలు ముందు తిన్న రోజు గంట తర్వాతి షుగరు సుమారు 37 శాతం తక్కువగా ఉంది. చిన్న పరిశోధనే, కానీ ఖర్చు లేని ఉపాయం. మరుసటి ఏడాది న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం నడక మీద ఇలాగే పరీక్షించింది. రోజులో ఎప్పుడో ఒకప్పుడు అరగంట నడవడం కంటే ప్రతి భోజనం అయ్యాక పది నిమిషాలు నడిచినప్పుడు భోజనం తర్వాతి షుగరు 12 శాతం తగ్గింది, రాత్రి భోజనం విషయంలో 22 శాతం. ఓడలో అలవాటైన డెక్ మీది నడకను ఇంటి చుట్టుపక్కల సందుల్లో కొనసాగిస్తే చాలు.

వరుస మార్చాలంటే ముందు తినడానికి ఆకు ఉండాలి. తెలుగిళ్లలో పళ్లెం నిండా అన్నం, అంచున గరిటెడు కూర అన్నది తరాల పద్ధతి. అమెరికాలో ఆకుకూరకు కారు తీసి ఇండియన్ స్టోరుకు వెళ్లాలి, కట్ట ధర చూసి వెనక్కి పెట్టాలి, తెచ్చినది నాలుగో రోజుకే మెత్తబడుతుంది. డాలస్‌లో చలి ముదిరి గడ్డకట్టే రాత్రులు మొదలయ్యాక పెరటి తోటకూర, గోంగూర చచ్చిపోతాయి. అందుకే అక్కడి వంటింటి కిటికీల దగ్గర మట్టి లేని మొక్కలు కనిపిస్తున్నాయి. పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు వాటితో కాలక్షేపం కూడా.

నీళ్లలో పంట కొత్త సంగతేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం గెరికె 1930లలో నీటి తొట్టెల్లో టమాటా తీగల్ని మనిషి ఎత్తుకు నాలుగింతలు పెంచి చూపించాడు. ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అన్న పేరు 1937లో లోకానికి తెలిసింది అతనివల్లే. దాన్ని మొదట్లో గట్టిగా వాడుకున్న చోట్లలో ఒకటి ప్రయాణికుల కోసమే. పసిఫిక్ మధ్య వేక్ అనే పగడపు దీవిలో పాన్ అమెరికన్ విమానాలు ఆగేవి. అక్కడ సాగుకు పనికొచ్చే మట్టి లేదు. ప్రయాణికుల భోజనానికి కావలసిన కూరల్ని ఆ దీవిలోనే తొట్టెల్లో పండించారు. మన దేశానికి ఈ విద్య 1946 ప్రాంతంలో వచ్చింది. షోల్టో డగ్లస్ అనే ఆయన బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో ప్రయోగాలు చేసి, పేదవాళ్లు కూడా చేసుకోగల చవక పద్ధతిగా మలిచాడు.

వాటన్నిటికంటే తేలిక పద్ధతి హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో ఉంది. పంపు లేదు, కరెంటు లేదు. అమెరికా ఇళ్లలో వారం వారం ఖాళీ అయ్యే గ్యాలన్ పాలడబ్బా దీనికి సరిగ్గా సరిపోతుంది. డబ్బాను సబ్బుతో శుభ్రంగా కడిగి, వెలుతురు లోపలికి పోకుండా అల్యూమినియం రేకు చుట్టాలి, లేకపోతే పాచి పడుతుంది. మూతి దగ్గర కోసి, అందులో జాలీ కప్పు కూర్చునేలా చేయాలి. స్పాంజి ముక్కలో మొలిచిన లెట్యూస్ మొక్కను కప్పులో పెట్టి, కప్పు అడుగు తడిసేదాకా పోషకాల నీళ్లు పోస్తే పని అయిపోయినట్టే. మొక్క తాగుతున్నకొద్దీ మట్టం దిగుతుంది. పైన ఖాళీ అయిన చోట వేళ్లు తెల్లగా, నూగుగా మారి గాలి పీల్చుకుంటాయి, కింది వేళ్లు నీళ్లు తాగుతాయి. మట్టం తగ్గిందని కంగారుపడి డబ్బా నిండుగా పోశారో, గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగి మొక్క వాడిపోతుంది. ఒక గ్యాలన్ నీళ్లు ఒక లెట్యూస్ మొక్కకు దాదాపు జీవితాంతం చాలు.

పోషకాల పొడులు కలపడంలో ఒక క్రమం ఉంది. కాల్షియం నైట్రేటును మిగతా వాటితో చిక్కగా కలిపితే తెల్లటి మడ్డి అడుగున పేరుకుంటుంది, మొక్కకు అందదు. ఒక్కోదాన్ని విడిగా నీళ్లలో కరిగించి, ఆ తర్వాతే ఎక్కువ నీళ్లలో కలపాలి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. కొళాయి నీళ్లు చాలా ఊళ్లలో ఇంతకంటే ఎక్కువే చూపిస్తాయి కాబట్టి చవకగా దొరికే పరీక్ష చుక్కలు ఇంట్లో ఉండడం మంచిది.

ఇక పంట ఎంత? ఇక్కడ అమ్మేవాళ్ల మాటలకంటే సొంత లెక్క నమ్మాలి. మొక్క కోతకు రావడానికి ఆరు వారాలు పడుతుంది, నూట యాభై గ్రాముల ఆకు వస్తుందనుకుందాం. ఇద్దరు మనుషులు కలిసి రోజూ అంత ఆకు తినాలంటే ఒకదాని తర్వాత ఒకటిగా నలభై రెండు డబ్బాలు సాగుతూ ఉండాలి. కిటికీ దగ్గర పట్టేవి ఆరు. అంటే వారానికి ఒక మొక్క. బయటి ఆకుల్ని మాత్రమే గిల్లుకుంటూ పోతే ఇంకాస్త ఎక్కువ రోజులు వస్తుంది. ఇంటి అవసరమంతా దీంతో తీరదు, బజారు కూర తప్పదు. కానీ భోజనానికి కూర్చునే ముందు నాలుగు ఆకులు తుంచి, నిమ్మరసం, ఉప్పు, వేయించిన నువ్వులపొడి చల్లుకుని తినడానికి ఆరు డబ్బాలు బాగా ఉపయోగపడతాయి. చేతికందే దూరంలో ఉన్నది తింటాం, స్టోరులో ఉన్నది తినం.

చలికాలపు కిటికీ వెలుతురు చాలకపోతే ఎల్‌ఈడీ దీపం రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటలు వెలగాలి. వెలుతురు తక్కువైతే మొక్క సన్నగా సాగడమే కాదు, ఆకులో నైట్రేటు కూడా ఎక్కువగా నిలవ ఉంటుంది. హైడ్రోపోనిక్స్ అన్ని విధాలా పర్యావరణానికి మేలు అనే ప్రచారానికి మాత్రం ఒక హద్దు గీయాలి. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం 2015లో లెట్యూస్ మీద వేసిన అంచనా ప్రకారం పొలంతో పోలిస్తే దిగుబడి పదకొండింతలు, నీళ్ల వాడకం పదమూడో వంతు. కరెంటు, ఇంధనం మాత్రం 82 రెట్లు. కిటికీ వెలుతురుతో, పంపు లేకుండా పెంచే పాలడబ్బాకు ఆ భారం లేదు.

తెలుగు నాలుకకు లెట్యూస్ ఒక్కటే సరిపడదు. పుదీనా, తులసి జాతి ఆకులు, కొత్తిమీర నీళ్లలో బాగానే వస్తాయి. తోటకూర, బచ్చలి వేడిని తట్టుకుంటాయి. పాలకూర నీళ్లు వెచ్చబడితే వేరుకుళ్లు తెగులుకు లొంగిపోతుంది. మెంతికూరను మొలకెత్తిన చోటి నుంచి కదిపితే సరిగ్గా రాదు, దానికి పళ్లెంలో కొబ్బరిపొట్టు పరిచి విత్తనాలు చల్లడమే మేలు.

ఈ ఆకులు షుగరును నయం చేయవు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన లెస్టర్ పరిశోధకుల సమీక్షలో ఆకుకూరలు ఎక్కువగా తినేవాళ్లకు టైప్ 2 షుగరు వచ్చే అవకాశం 14 శాతం తక్కువగా కనిపించింది. అది జబ్బు రానివాళ్ల గురించిన లెక్క, అదీ అలవాట్లను గమనించి చెప్పినది. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరను ఒక్కసారిగా పెంచితే అందులోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు పొటాషియం సంగతి ముందు అడిగి తెలుసుకోవాలి.

ఆర్నెల్లు గడిచి విజయవాడకో వరంగల్‌కో తిరిగొచ్చాక డబ్బాల పని ఆగిపోనక్కర్లేదు. ఇక్కడ లెట్యూస్‌కు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే కాలం, ఆ తర్వాత వేడికి పూతకొచ్చి చేదెక్కుతుంది. వేసవిలో బచ్చలి, తోటకూర వేసుకుని, డబ్బాల్ని ఎండ సూటిగా తగలని చోటికి జరపాలి. డబ్బా మూతి చుట్టూ సందులుంటే దోమలు గుడ్లు పెడతాయి, గుడ్డతో గట్టిగా కట్టేయాలి. ఓడ దిగిన మూడు నెలలకు ఏ1సీ చేయించుకునేటప్పుడు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నవాళ్లు అదే రక్తంతో బీ12 కూడా చూపించుకుంటే మంచిది. ఆ మాత్ర దాన్ని మెల్లమెల్లగా తగ్గించేస్తుంది, అరికాళ్ల తిమ్మిరిని షుగరు వల్లేనని వదిలేసేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు.