కారు లేదు, బోనస్ ఉంది! మీకు తెలుసా?

◆ కారు అమ్మేసినా దాని బోనస్ మీ దగ్గరే ఉండిపోతుంది! మన దేశంలో కారు బీమా మీద వచ్చే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) బండిది కాదు, బండి యజమానిది. కొన్నాయన తాళంచెవులు పట్టుకెళ్తాడు గానీ మీ రాయితీని పట్టుకెళ్లలేడు.

◆ అంతేనా, పాత పాలసీని తన పేరు మీదికి మార్చుకుంటే కొన్నాయన ఎదురు డబ్బు కట్టాలి! ఆ పాలసీలో మీకిచ్చిన రాయితీ ఆయనకు వర్తించదు కనుక, మిగిలిన రోజులకు ఆ తేడాను బీమా కంపెనీ ఆయన దగ్గర వసూలు చేస్తుంది.

◆ చేతిలో కారే లేకుండా ఆ బోనస్‌ను మూడేళ్లు దాచుకోవచ్చు! కారు అమ్మినట్టు కాగితాలు చూపిస్తే కంపెనీ ఎన్‌సీబీ సర్టిఫికెట్ రాసిస్తుంది. గడువులోగా కొత్త కారు కొంటే ఏ కంపెనీలోనైనా అది చెల్లుతుంది. షోరూంలో కారు రంగు గురించి పదిసార్లు అడుగుతారు, ఈ సర్టిఫికెట్ సంగతి అడుగుతారన్న నమ్మకం లేదు. మీరే గుర్తుపెట్టుకుని బయటికి తీయాలి.

◆ ఇప్పుడొక చిక్కు ప్రశ్న! ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ 50 శాతం బోనస్. అన్న కారు వాకిట్లోనే ఉంది, పాలసీ రెన్యువల్ మాత్రం మరిచిపోయాడు. తమ్ముడు కారు అమ్మి, సర్టిఫికెట్ తీసుకుని, సిటీ బస్సుల్లో తిరుగుతున్నాడు. ఎవరి బోనస్ ముందు పోతుంది?

అన్నదే! పాలసీ గడువు దాటాక 90 రోజుల్లో రెన్యువల్ చేయించకపోతే 91వ రోజుకి బోనస్ సున్నా. తమ్ముడికేమో మూడేళ్లు, అంటే పన్నెండు రెట్లు! కారున్నవాడి కంటే లేనివాడికే ఎక్కువ గడువివ్వడం నాకైతే భలే వింతగా తోస్తుంది.

◆ ఈ బోనస్ లెక్క అచ్చం వైకుంఠపాళి! క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. ఎక్కడానికి ఐదు నిచ్చెనలు, దిగడానికి ఒక్క పాము. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ మొదటి గడిలోకే!

◆ నాలుగు వేల రూపాయల సొట్టకి పన్నెండున్నర వేలు వదులుకోవచ్చు! ఎలాగో చూడండి. మీ సొంత నష్టం ప్రీమియం, అంటే కంపెనీలు ఓన్ డ్యామేజ్ అనే భాగం, ఏటా 10,000 రూపాయలే అనుకుందాం. మీకు 50 శాతం బోనస్ ఉంది. చిన్న సొట్టకి క్లెయిమ్ చేశారు. మరుసటి ఏడు 5,000 రాయితీ పోతుంది. ఆ తరువాత 20 శాతం దగ్గర మొదలుపెట్టి మళ్లీ ఎక్కాలి కనుక వరుసగా 3,000, 2,500, 1,500, 500 నష్టం. మొత్తం 12,500! బండి పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కనుక అసలు లెక్క కాస్త తక్కువే రావచ్చు. అయినా క్లెయిమ్ ఫారం నింపేముందు ఓసారి కాగితం, పెన్ను తీసుకోండి.

◆ పదేళ్లు ఒక్క గీతా పడకుండా నడిపినా బోనస్ సున్నాయే ఉండొచ్చు! చట్టం కోసమని థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కడుతూ వచ్చినవారి సంగతి ఇది. బోనస్ అనేది సొంత నష్టం ప్రీమియం మీదే లెక్కకొస్తుంది.

◆ దాచిపెట్టిన బోనస్ ఒక్క రోజులో మూడింతలు, నాలుగింతలు కూడా కాగలదు! సర్టిఫికెట్‌లో ఉండేది శాతమే గానీ రూపాయలు కావు. పాత చిన్న కారు మీద 6,000 ప్రీమియంలో సగం అంటే 3,000. అదే సర్టిఫికెట్‌తో పెద్ద కారు కొంటే, దాని ప్రీమియం 24,000 అయితే, రాయితీ ఏకంగా 12,000!

◆ స్కూటర్ మీద సంపాదించిన బోనస్ కారుకి చెల్లదు! కారుది కారుకే, బైకుది బైకుకే.

◆ బోనస్ వారసత్వంగా కూడా వస్తుంది! బతికుండగా స్నేహితుడికి గానీ బావమరిదికి గానీ రాసివ్వడం కుదరదు. యజమాని చనిపోయి, కారు భార్యకో భర్తకో పిల్లలకో తల్లిదండ్రులకో దక్కితే మాత్రం దానితోపాటే బోనస్ కూడా వెళ్తుంది.

◆ ఆఫీసు కారు నడిపినా బోనస్ మీకు దక్కవచ్చు! సంస్థ పేరున ఉన్న కారును మీరొక్కరే వాడుతూ వచ్చి, తరువాత అదే కారును మీ పేరున మార్చుకుంటే, ఆ కాలపు బోనస్ మీదే.

◆ లండన్‌లో జాగ్రత్తగా నడిపితే విజయవాడలో ప్రీమియం తగ్గుతుంది! విదేశంలో సంపాదించిన నో క్లెయిమ్ బోనస్‌కు అక్కడి కంపెనీ ఇచ్చిన ఆధారం తెచ్చుకోవాలి. ఆ పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ కొత్త పాలసీ తీసుకుంటే మన మోటార్ టారిఫ్ నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. తిరిగొచ్చే హడావిడిలో సూట్‌కేసుల బరువు తూచేవాళ్లు ఎక్కువ, ఈ కాగితం అడిగి తెచ్చుకునేవాళ్లు తక్కువ!

◆ ఒకప్పుడు మన దేశంలో ఈ బోనస్ 65 శాతం దాకా ఉండేది! 2002 జూలై 1 నుంచి పై మెట్టు 50 అయింది. అప్పటికే 55, 65కి చేరువైనవాళ్ల కోసం ఒక మినహాయింపు పెట్టారు: 2003 జూన్ 30 లోపు వచ్చిన రెన్యువల్‌లో ఆ మెట్టు అందుకుంటే, తొలి క్లెయిమ్ చేసేదాకా అది వారిదే. ఒక్కసారి క్లెయిమ్ చేస్తే ఇక ఎప్పటికీ తిరిగిరాదు!

◆ చేతిలో కాగితం లేదని ‘నాకు 50 శాతం ఉంది’ అని ఊరికే సంతకం పెట్టేస్తే? మోటార్ టారిఫ్ ప్రకారం కొత్త కంపెనీ 21 రోజుల్లోగా పాత కంపెనీకి రాసి ఆరా తీయాలి, పాత కంపెనీ 30 రోజుల్లోగా జవాబివ్వాలి. అబద్ధమని తేలిందా, సొంత నష్టానికి రావలసిన పరిహారం మొత్తానికే ఎసరు!

◆ దేశమంతటి బీమా కంపెనీల మీద నిఘా వేసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఎక్కడుందో చెప్పగలరా? ఢిల్లీ కాదు, ముంబై కాదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ!

◆ జపాన్‌లో కారు లేకుండా బోనస్‌ను పదేళ్లు దాచుకోవచ్చు! అక్కడ బీమాకి 20 మెట్లు. కొత్తవారు 6వ మెట్టు మీద మొదలవుతారు, 20వ మెట్టుకి 63 శాతం రాయితీ. మామూలు ప్రమాదానికి క్లెయిమ్ చేస్తే మూడు మెట్లు కిందికి. మనలా సున్నాకి తోసెయ్యరు! 7వ మెట్టుకో ఆపైకో చేరినవారు కారు వదిలేస్తే ‘విరామ పత్రం’ లాంటిది తీసుకుని పదేళ్లలోపు ఎప్పుడు తిరిగొచ్చినా వారి మెట్టు వారిదే.

◆ ఇలా దాచుకునే గడువు బ్రిటన్‌లో సాధారణంగా రెండేళ్లు, ఇటలీలో ఐదేళ్లు. ఇటలీ డ్రైవర్లు 14వ తరగతిలో మొదలై 1వ తరగతికి చేరాలి. కానీ 2007 నాటి బెర్సాని చట్టం పుణ్యమా అని, ఒకే ఇంట్లో ఉండే అబ్బాయి తన మొదటి కారుకే నాన్నగారి తరగతిని అందుకోవచ్చు!

◆ మలేషియాలో మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే వచ్చే రాయితీ ఎంతో ఊహించండి. 35? 40? కాదు, 38.33 శాతం! ముందు మెట్లు 25, 30, తరువాతివి 45, 55. మధ్యలో ఈ దశాంశాల లెక్క ఒక్కటే వచ్చి కూర్చుంది.

◆ జర్మనీలో తాతగారు కారు నడపడం మానేస్తే తన ప్రమాద రహిత సంవత్సరాలను మనవడికి రాసివ్వవచ్చు! అయితే మెలిక ఉంది. మనవడు లైసెన్సు తీసుకుని ఎన్నేళ్లయిందో అన్నేళ్లే చెల్లుతాయి. తాతగారి ఖాతాలో 30 ఏళ్లుండి, మనవడి లైసెన్సు వయసు 4 ఏళ్లయితే, మనవడికి అందేవి నాలుగే. మిగతా 26 ఇద్దరికీ కాకుండా పోతాయి!