ఇండుపగింజ, పటిక, పాతచీర

వానకాలమున గుంటూరు, ప్రకాశం ప్రాంతముల రేగడి పొలాల మీదుగా పారివచ్చిన నీరు చెరువు చేరునప్పటికి తేనీటి రంగులో ఉండును. ఆ నీటిని బిందెలో పోసి రాత్రంతా కదల్చక ఉంచినను అడుగున కొద్దిపాటి ఇసుక చేరునే గాని పైనీరు తేరదు. ఇసుక దిగినప్పుడు మట్టి ఏల దిగదు?

రేగడిలో మాంట్‌మొరిల్లొనైటు అను బంకమట్టి ఖనిజము హెచ్చు. వేసవిలో నేల నెఱ్ఱెలు విచ్చుటకు, వానలో ఉబ్బి కాళ్లకు అంటుకొనుటకు, పత్తికి మిరపకు తేమ నిలుచుటకు ఇదియే ముఖ్యకారణము. దీని రేణువులు మిక్కిలి సూక్ష్మములు. పైగా వాటి ఉపరితలమున ఋణవిద్యుదావేశము ఉండును. ఒకే జాతి ఆవేశములు వికర్షించుకొనును గనుక రేణువులు కలిసి బరువెక్కజాలవు. నీటిలో తేలియాడుచునే ఉండును.

పటిక బెడ్డను బిందెలో నాలుగు చుట్లు త్రిప్పి తీయుట మన ఇండ్లలో పాతపద్ధతి. పటికలోని అల్యూమినియం అయానులకు మూడేసి ధనావేశములు కలవు. అవి మట్టిరేణువుల ఆవేశమును అణచును. అంతేగాక నీటిలోని క్షారగుణముతో కలిసి జిగురువంటి తునకలుగా మారి, మట్టిని చుట్టుకొని అడుగునకు దిగును. పటిక మితిమీరినచో నీరు వగరెక్కును.

పటిక కొననక్కరలేని ఉపాయము ఇండుపగింజ. చిల్లగింజ అనియు అందురు, సంస్కృతమున కతకము. సుశ్రుతసంహిత కాలమునకే దీని గుణము తెలియును. గింజను కుండ లోపలి గోడకు గాని, సానరాతిపై గాని అరగదీసి ఆ గంధమును నీటిలో కలిపెదరు. గింజలోని మాంసకృత్తులు, పాలిసాకరైడులు గొలుసులవంటి పెద్ద అణువులు. ఇవి అనేక రేణువులను ఒకచోట చేర్చును. ఈ చెట్టు విషముష్టికి దగ్గరి చుట్టము. విషముష్టి గింజ బిళ్లవలె చదునుగా ఉండును, ప్రాణాంతకము. తెలియని గింజను ఎన్నడును వాడరాదు. ఆ భయమే లేనిది మునగగింజ. సూడానులో నైలునది ఒడ్డు స్త్రీలు దీనితోనే బురదనీటిని తేర్చుకొనెడివారు. పెరట్లో ఎండిన మునగకాయ ఉన్నచో లీటరుకు ఒకటిరెండు గింజల పప్పు నూరి కలిపినచో చాలును.

తరగతిలో దీనిని చూపుట సులభము. రెండు గాజుగ్లాసులలో రేగడిమట్టి కలిపిన నీరు పోసి, ఒకదానిలో మాత్రము మునగపప్పు ముద్ద వేసి బాగుగా కలిపి ఉంచవలెను. కొన్ని గంటలలో భేదము కంటికి తెలియును.

అయితే తేరిన నీరు శుద్ధమైన నీరు కాదు. మట్టితోబాటు కొన్ని క్రిములు అడుగుబట్టును, అన్నియు కావు. గింజలోని పదార్థమే మిగిలిన క్రిములకు ఆహారమగును గనుక ఆ నీటిని ఒక రోజుకు మించి నిలువ ఉంచరాదు. ఇక్కడ పాతచీర అక్కరకు వచ్చును. ఉతికి ఉతికి నలిగిన నూలుచీరలో పోగులు విడివడి సందులను కప్పును. అందుచేత క్రొత్తచీర కంటె పాతదే మేలు. నాలుగు మడతలు వేసి వడగట్టుట వలన కలరా 48 శాతము తగ్గినట్లు బంగ్లాదేశు గ్రామములలో జరిపిన పరిశోధన 2003లో వెల్లడించెను. కలరా క్రిమి గుడ్డ సందులలో దూరగలదు గాని, అది అంటిపెట్టుకొని ఉండు నీటిపురుగు దూరలేదు. నారిపురుగును మోయు సైక్లాప్సు కూడ గుడ్డలోనే చిక్కును.

వడగట్టిన నీటిని మరగబెట్టుట ఉత్తమము. వంటచెరకు ప్రియమైనచో రెండు లీటర్లకు మించని తేట ప్లాస్టిక్ సీసాలో పోసి ఆరుగంటలు మంచి ఎండలో ఉంచవచ్చును. మబ్బు పట్టినచో రెండు దినములు. సీసాను వార్తాపత్రికపై నిలిపి పైనుండి చూడగా శీర్షికాక్షరములు కనబడవలెను. కనబడనిచో నీరు ఇంకను తేరలేదన్నమాట, ఎండ లోపలికి పోదు.

వీనిలో ఏదియు ఫ్లోరైడును తీయజాలదు. ఎముకలను వంచు ఫ్లోరోసిస్ మనదేశమున 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే వెలుగులోనికి వచ్చెను. 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. ఫ్లోరైడు నీరు అద్దమువలె తేటగా ఉండును, కనుక చూపు మోసపుచ్చును. మరగబెట్టినచో నీరు ఆవిరియై ఫ్లోరైడు చిక్కబడును. పటికకు సున్నము, బ్లీచింగు పొడి చేర్చి దీనిని తగ్గించు నల్గొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ సంస్థ రూపొందించెను. కాని పటిక ఎంత వేయవలెనో ఆ నీటి ఫ్లోరైడును, క్షారతను బట్టి ఉండును; చేతి అంచనాకు అందదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన బావినీటిని వదలి, వాననీటిని గాని సాగరు కాలువనీటిని గాని పైన చెప్పినట్లు తేర్చి త్రాగుట మంచిది.